పాత ఫెల్ట్ టోపీకి మళ్లీ రూపం: ఆవిరి, లక్క, ఒక విషపు గతం

ఫెల్ట్ టోపీలో నేత ఉండదు. తలను కప్పే బుర్ర భాగానికీ, చుట్టూ ఉండే అంచుకూ మధ్య అతుకు కూడా ఉండదు. జంతువుల వెంట్రుకలను వేడి, తేమ, ఒత్తిడి సాయంతో ఒకదానిలో ఒకటి పెనవేసి ఒకే ముక్కగా తీర్చిన వస్తువు అది. అమెరికా పశ్చిమ ప్రాంతపు కౌబాయ్ టోపీ, ఇటలీకి చెందిన బోర్సలీనో, ఆస్ట్రేలియా సైనికుల స్లౌచ్ టోపీ, భారత సైన్యంలో గూర్ఖా దళాలు ధరించే టోపీ వేర్వేరు ఆకారాల్లో ఉన్నా వాటి పదార్థం ఇదే.

ఈ నిర్మాణం వల్ల ఫెల్ట్ టోపీకి మామూలు దుస్తులకు లేని ఒక గుణం అబ్బింది. ఆవిరి తగిలితే అది మెత్తబడుతుంది. చల్లారే సమయానికి ఏ రూపంలో ఉంటే ఆ రూపాన్నే నిలుపుకుంటుంది. అందుకే దశాబ్దాల పాటు అటక మీద నలిగిపోయిన టోపీని సైతం నిపుణుడు మళ్లీ ధరించదగిన స్థితికి తేగలడు. అయితే పెద్ద మరమ్మతు జరిగిన ప్రతిసారీ టోపీ తన పదార్థంలో కొంత కోల్పోతుంది. బాగా పాతవైన కొన్ని టోపీలకు ఆవిరి పట్టడమే ప్రమాదకరం. ఏ టోపీని బాగుచేయవచ్చో, దేన్ని ముట్టుకోకూడదో తేల్చుకోవాలంటే ముందు దాని తయారీ తెలిసి ఉండాలి.

వెంట్రుక నుంచి టోపీ వరకు

ఉన్ని పోగును సూక్ష్మదర్శినిలో చూస్తే దాని మీద చేప ఒంటి మీద ఉన్నట్లు పొలుసులు కనిపిస్తాయి. అవన్నీ వెంట్రుక కొసవైపు వాలి ఉంటాయి. తడిసి, వేడెక్కి, రాపిడికి గురైనప్పుడు వెంట్రుకలు ఒకే దిశలో జరుగుతూ పక్కవాటిలో చిక్కుకుంటాయి. పొలుసులు అడ్డుపడటం వల్ల తిరిగి వెనక్కి రాలేవు. ఫెల్ట్ వెనుక ఉన్న సూత్రం ఇంతే. తెలంగాణలో కురుమలు నేసే గొంగడి కూడా ఉన్నిదే అయినా అది మగ్గం మీద పుట్టే వస్త్రం. కశ్మీరులో నేల మీద పరిచే నమదా మాత్రం ఫెల్ట్ జాతికి చెందినది.

గొర్రె ఉన్నితో చేసిన టోపీ చౌకగా దొరుకుతుంది కానీ గట్టి వానకు రూపు చెడుతుంది. మేలురకం టోపీకి బీవర్, కుందేలు, న్యూట్రియా వంటి జంతువుల పొడవాటి వెంట్రుకల కింద దాగి ఉండే మెత్తని లోబొచ్చును వాడతారు. వీటిలో బీవర్‌ది అగ్రస్థానం. దాని లోబొచ్చు దట్టంగా పెనవేసుకుంటుంది కనుక ఆ ఫెల్ట్ పలుచగా ఉండి కూడా నీటిని తట్టుకుంటుంది. ఐరోపాలో బీవర్ టోపీలకు ఉన్న గిరాకీయే ఉత్తర అమెరికా బొచ్చు వ్యాపారాన్ని నడిపించింది. 1670లో ఏర్పడిన హడ్సన్స్ బే కంపెనీకి ఆ వ్యాపారమే ఆధారం. ఒక ఖండపు నదుల్లోని జంతువు మరో ఖండపు ఫ్యాషన్ కోసం అనేక ప్రాంతాల్లో అంతరించే దశకు చేరింది.

కర్మాగారంలో బొచ్చును గాలితో చెదరగొట్టి, చిల్లులున్న పెద్ద శంకువు మీదకు పొరగా రప్పించి, వేడినీటితో తడుపుతారు. ఆ పొర తయారుకాబోయే టోపీ కంటే ఎన్నో రెట్లు పెద్దది. వేడినీటిలో పదేపదే చుట్టి, నలిపి, నొక్కినకొద్దీ అది కుదించుకుపోయి చిక్కబడుతుంది. తర్వాత రంగు వేసి, గట్టిదనం కోసం లక్క పట్టించి, చెక్క దిమ్మె మీద లాగి రూపమిస్తారు. సన్నని ఉప్పుకాగితంతో నునుపు చేసి, లోపల తోలుతో చేసిన చెమట పట్టీని, బయట రిబ్బన్‌ను కుడతారు.

అమెరికా టోపీల లోపల నాణ్యతకు గుర్తుగా ముద్రించే ఎక్స్‌ల సంఖ్యను చూసి మోసపోయేవారు ఉన్నారు. ఆ గుర్తుకు కంపెనీలన్నీ ఒప్పుకున్న ఉమ్మడి ప్రమాణం ఏదీ లేదు. ఒకే కంపెనీ సరుకును పోల్చుకోవడానికి తప్ప, రెండు కంపెనీల టోపీలను పోల్చడానికి అది పనికిరాదు.

లక్క పాత్ర

టోపీ అంచు వాలిపోకుండా నిలబడటానికి సంప్రదాయంగా వాడుతున్నది షెల్లాక్, అంటే శుద్ధి చేసిన లక్క. హైదరాబాద్ లాడ్ బజార్ గాజులకు, కౌబాయ్ టోపీకి ఉన్న చుట్టరికం ఇదే. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మలపై బతికే ఒక చిన్న పురుగు స్రవించే జిగురు నుంచి లక్క వస్తుంది. ప్రపంచానికి లక్కను అందించే దేశాల్లో భారత్‌ది ప్రధాన స్థానం, దేశంలో జార్ఖండ్‌ది మొదటి స్థానం. రాంచీ సమీపంలోని నామ్‌కుమ్‌లో లక్క పరిశోధనకు ప్రత్యేకంగా ఒక సంస్థ 1924లోనే ఏర్పడింది.

లక్కను ఆల్కహాల్‌లో గానీ, బోరాక్స్ కలిపిన వేడినీటిలో గానీ కరిగించి ఫెల్ట్‌కు పట్టిస్తారు. ఎంత పట్టించారన్న దాన్నిబట్టి టోపీ స్వభావం మారుతుంది. 1849లో లండన్‌లోని లాక్ అండ్ కంపెనీ ద్వారా ఎడ్వర్డ్ కోక్ అనే వ్యక్తి కోసం తయారైన బౌలర్ టోపీ శిరస్త్రాణమంత గట్టిది. చేతితో సులువుగా నొక్కులు పెట్టుకునే ఫెడోరాలో లక్క చాలా తక్కువ. వేడికి లక్క మెత్తబడుతుంది, చల్లారగానే మళ్లీ గట్టిపడుతుంది. ఆవిరి పట్టి టోపీ రూపాన్ని మార్చడం సాధ్యమయ్యేది కొంత పోగుల వల్ల, కొంత ఈ లక్క వల్ల.

రూపాన్ని తీర్చిన చేతులు

కౌబాయ్ టోపీ చరిత్ర జాన్ బి. స్టెట్సన్‌తో ముడిపడి ఉంది. ఆయన 1830లో న్యూజెర్సీ రాష్ట్రంలోని ఆరెంజ్‌లో, టోపీలు తయారుచేసే కుటుంబంలో జన్మించారు. క్షయ సోకడంతో ఆరోగ్యం కోసం పశ్చిమ ప్రాంతానికి వెళ్లారు. అక్కడ తోటి ప్రయాణికులకు నేత లేకుండా బట్ట తయారుచేయడం ఎలాగో చూపించేందుకు బొచ్చుతో ఫెల్ట్ చేశారనీ, దానితో చేసిన టోపీని దారినపోయే గుర్రపు రౌతు కొనుక్కున్నాడనీ కథ ప్రచారంలో ఉంది. కథ సంగతి ఎలా ఉన్నా, 1865లో ఆయన ఫిలడెల్ఫియాలో సొంత వ్యాపారం ప్రారంభించారు. ‘బాస్ ఆఫ్ ది ప్లెయిన్స్’ పేరుతో వెలువడిన టోపీ ఆయనకు దేశవ్యాప్త కీర్తిని తెచ్చింది.

ఈనాటి కౌబాయ్ చిత్రాల్లో కనిపించే నొక్కులు, పైకి మడిచిన అంచులు ఆ టోపీకి లేవు. గుండ్రని బుర్ర, సమతలంగా ఉన్న వెడల్పాటి అంచు మాత్రమే ఉండేవి. మిగిలిన రూపం ధరించినవారి చేతుల్లో ఏర్పడింది. ముందు భాగాన్ని మూడు వేళ్లతో పట్టి తీసేవారి టోపీకి అక్కడ గుంటలు పడ్డాయి. తర్వాతి కాలంలో అదే ‘పించ్ ఫ్రంట్’ అనే శైలి అయింది. నడినెత్తిన ఒక పొడవాటి నొక్కు, ఇరుపక్కలా చెరొక నొక్కు ఉంటే ‘క్యాటిల్‌మన్’. నాలుగు వైపులా నొక్కి మొనదేలేలా చేస్తే ‘మోంటానా పీక్’. ఈ చివరి రూపం మీద వాన నీరు నిలవదు. అమెరికా సైన్యం 1911లో తన టోపీకి దీన్నే స్వీకరించింది. పశ్చిమ రాష్ట్రాల్లో ఒకప్పుడు టోపీ నొక్కును చూసి మనిషి ఏ ప్రాంతంవాడో పోల్చుకునేవారని చెబుతారు.

‘టెన్ గ్యాలన్ హ్యాట్’ అనే పేరుకు మూలమేమిటో ఇంతవరకు తేలలేదు. పది గ్యాలన్లంటే దాదాపు 38 లీటర్లు. ఎంత పెద్ద కౌబాయ్ టోపీలోనైనా మూడు లీటర్లకు మించి నీరు పట్టదు కనుక పేరును అక్షరాలా తీసుకోనక్కర్లేదు.

పాదరసం మిగిల్చిన జాడ

కుందేలు బొచ్చు బీవర్ బొచ్చులా తనంత తానుగా పెనవేసుకోదు. పొలుసులు విచ్చుకునేలా చేయడానికి నత్రికామ్లంలో కరిగించిన పాదరసాన్ని చర్మాల మీద పూసేవారు. ఆరిన తర్వాత వెంట్రుకల కొసలు క్యారట్ రంగుకు తిరగడంతో ఈ ప్రక్రియకు ‘క్యారటింగ్’ అని పేరు వచ్చింది. అసలు ప్రమాదం ఆ తర్వాతి దశల్లో ఉండేది. ఆవిరి నిండిన, గాలి ఆడని గదుల్లో వేడి ఫెల్ట్ నుంచి పాదరసపు ఆవిరి వెలువడి, ఏళ్ల తరబడి కార్మికుల ఊపిరితిత్తుల్లోకి చేరేది. చేతులు వణకడం, మాట తడబడటం, పళ్లు ఊడటం, జనాన్ని చూస్తే విపరీతమైన బిడియం, అకారణ కోపం దాని లక్షణాలు. అమెరికాలో టోపీల నగరంగా పేరుపొందిన కనెక్టికట్ రాష్ట్రంలోని డాన్‌బరీలో ఈ జబ్బును ‘డాన్‌బరీ షేక్స్’, అంటే డాన్‌బరీ వణుకు, అని పిలిచేవారు. టోపీల పనివారిని పిచ్చివారితో పోల్చే ఇంగ్లిష్ నానుడికి ఈ జబ్బే మూలమన్నది విస్తృతంగా ఉన్న నమ్మకం. దానిపై పండితుల్లో ఏకాభిప్రాయం లేదు.

జబ్బు సంగతి 19వ శతాబ్దిలోనే వైద్యులకు తెలుసు. అయినా అమెరికా టోపీ పరిశ్రమలో పాదరసం వాడకం నిలిచిపోయింది 1941 డిసెంబర్ 1న. యుద్ధ సన్నాహాల్లో పేలుడు పదార్థాల కోసం పాదరసం అవసరం పెరగడం కూడా ఈ నిర్ణయానికి తోడ్పడింది. కార్మికుల వణుకు చేయించలేని పనిని ఫిరంగులు చేయించాయనుకోవాలి. ఆ తర్వాత హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి ప్రత్యామ్నాయాలు వచ్చాయి. డాన్‌బరీలోని స్టిల్ నది మట్టిలో మాత్రం పాదరసం జాడలు అనేక దశాబ్దాల తర్వాత కూడా బయటపడ్డాయి.

పాత టోపీలను సేకరించేవారికి ఇది గతించిన చరిత్ర కాదు. మ్యూజియంలలో భద్రపరిచిన పాత ఫెల్ట్ టోపీల్లో పాదరసం ఇప్పటికీ ఉన్నట్లు పరీక్షల్లో తేలింది. అందువల్ల 1940ల ముందునాటి బొచ్చు ఫెల్ట్ టోపీని అనుమానించడమే క్షేమం. చేతి తొడుగులు లేకుండా ఎక్కువసేపు తాకరాదు. ఇంట్లో దానికి ఆవిరి పట్టడం, ఉప్పుకాగితంతో రుద్దడం, పిల్లలకు ఆటకు ఇవ్వడం తగదు.

బాగుచేసే విధానం

టోపీ చేతికి రాగానే నిపుణులు ముందు చూసేది బయటి భాగాన్ని కాదు, లోపలి చెమట పట్టీని. తోలు మెత్తగా ఉంటే సగం గండం గడిచినట్లే. పెళుసెక్కి, పగిలి, కుట్లు ఊడిపోతుంటే మొదట దాన్ని మార్చాలి. టోపీ ‘బిగుసుకుపోయింది’ అనుకునే చాలా సందర్భాల్లో అసలు దోషం ఈ తోలుదే. ఎండలో నిలిపిన కారులో మరిచిపోయిన టోపీ కుదించుకుపోవడానికి అదే కారణం. పట్టీ వెనుక కొన్నిసార్లు సైజు చీటీ, కార్మిక సంఘపు చీటీ దొరుకుతాయి. టోపీ వయసును అంచనా వేయడానికి అవి ముఖ్యమైన ఆధారాలు కనుక చించి పారేయకూడదు.

రిబ్బన్ కింద భాగాన్ని కూడా పరిశీలించాలి. అక్కడ వెలుతురు తగలదు కాబట్టి అసలు రంగు చెక్కుచెదరకుండా ఉంటుంది. మిగతా టోపీ ఎంత వెలిసిందో దానితో పోల్చి తెలుసుకోవచ్చు. పొదుపు కాలంలో వెలిసిన టోపీని పూర్తిగా విప్పి, లోపలి వైపు బయటికి తిప్పి, కొత్తదానిలా మళ్లీ దిమ్మెకెక్కించేవారు.

శుభ్రం చేయడం ఎప్పుడూ పొడిగానే మొదలుకావాలి. మెత్తని కుచ్చు బ్రష్‌తో నూగు వాలిన దిశలోనే దుమ్ము దులపాలి. టోపీని పైనుంచి చూసినప్పుడు ఆ దిశ సాధారణంగా గడియారపు ముల్లుకు వ్యతిరేకంగా ఉంటుంది. నల్ల టోపీకి వాడిన బ్రష్‌ను తెల్లదానికి వాడరాదు. నూనె మరకపై ముల్తానీ మట్టి గానీ, మొక్కజొన్న పిండి గానీ చల్లి, రాత్రంతా ఉంచి దులిపితే కొంత నూనెను పీల్చుకుంటుంది. రిబ్బన్ దాటి బయటికి పొటమరించిన చెమట మరక ఇంత తేలికగా లొంగదు. ఆ స్థితిలో పట్టీ, రిబ్బన్ తొలగించి టోపీని పెట్రోలియం ద్రావకంలో కడగడం వృత్తి నిపుణుల పద్ధతి. ఆ ద్రావకం నిప్పు పేరు చెబితే అంటుకునే రకం. వంటగదిలో చేసే ప్రయోగం కాదు.

చిన్న నొక్కులు, అంచు వంకరలు సరిచేయడానికి కెటిల్ మూతి నుంచి వచ్చే ఆవిరి చాలు. చెమట పట్టీని ముందుగా బయటికి మడిచి, తోలుకు ఆవిరి తగలకుండా చూడాలి. ఫెల్ట్ వేడెక్కి వేళ్ల కింద మెత్తబడగానే ఆవిరి నుంచి తీసి, కావలసిన ఆకారంలో నొక్కి, చల్లారేదాకా కదపకుండా పట్టుకోవాలి. కొద్దికొద్దిగా, రెండు మూడు విడతలుగా చేయడం మేలు. ఒకేసారి నానేలా ఆవిరి పట్టిస్తే ఫెల్ట్ ముడుచుకుపోయి, నూగు గరుకెక్కి, బాగుచేయడానికి పూనుకున్నవారే పాడుచేసినవారవుతారు.

నిలువెల్లా రూపు చెడిన టోపీకి దిమ్మె తప్పనిసరి. అలంకారాలన్నీ విప్పి, బాగా ఆవిరి పట్టి, తగిన కొలత ఉన్న చెక్క దిమ్మె మీదకు బలంగా లాగుతారు. బుర్ర, అంచు కలిసే చోట తాడు బిగించి, అంచును తడిబట్ట మీదుగా ఇస్త్రీ చేసి, పూర్తిగా ఆరనిస్తారు. గరుకెక్కిన చోట సన్నని ఉప్పుకాగితంతో రుద్ది నునుపు చేస్తారు. ఇలా రుద్దినప్పుడు రాలే పొడి ఆ టోపీ సొంత దేహమే. ఒకటి రెండు సార్లు పర్వాలేదు. పదేపదే రుద్దితే ఫెల్ట్ పలచబడి, వెలుతురుకు ఎత్తి చూస్తే జల్లెడలా కనిపిస్తుంది. పురుగు కొట్టిన చిన్న రంధ్రాలను కొందరు పనివారు అదే రంగు ఫెల్ట్ పొడిని జిగురుతో కలిపి పూడుస్తారు. దగ్గరగా చూస్తే తెలుస్తుంది, నాలుగడుగుల దూరం నుంచి తెలియదు.

నడినెత్తి మొనలో, వేళ్లతో పట్టే చోట ఫెల్ట్ చీలిపోతే మాత్రం దాన్ని మునుపటిలా చేసే మార్గం లేదు. చారిత్రక ప్రాధాన్యం ఉన్న టోపీని బాగుచేయకపోవడమే ఉత్తమం. దాని నొక్కులు, చెమట మరకలు ధరించిన మనిషికి సంబంధించిన ఆధారాలు. దిమ్మెకెక్కించిన రోజున అవి చెరిగిపోతాయి.

కొలత, ధారణ, మర్యాద

కొలత విషయంలో అమెరికా, బ్రిటన్ పద్ధతులు వేరు. నుదురు మీదుగా, చెవుల పైగా తల చుట్టుకొలత 58 సెంటీమీటర్లు ఉంటే అమెరికా సైజు 7¼, బ్రిటిష్ సైజు 7⅛. పాత టోపీ కొనేటప్పుడు ఈ తేడా గమనించాలి. చుట్టుకొలత ఒకటే అయినా కొందరి తల గుండ్రంగా, కొందరిది కోలగా ఉంటుంది. 19వ శతాబ్ది మధ్యలో పారిస్‌లో పుట్టిన కన్‌ఫర్మేటర్ అనే పరికరం తల అసలు ఆకారాన్ని చిన్న కాగితంపై గుచ్చి చూపేది. కొన్ని పాత దుకాణాల్లో అది ఇప్పటికీ పనిచేస్తోంది. కాస్త వదులుగా ఉన్న టోపీకి పట్టీ వెనుక సన్నని నురుగు ముక్క దోపితే సరిపోతుంది. బిగుతుగా ఉన్నదాన్ని బలవంతంగా సాగదీయడం అంత క్షేమం కాదు.

ముందువెనుకలు తెలియనప్పుడు లోపలి పట్టీపై ఉండే చిన్న ముడిని చూడాలి. అది తల వెనక్కి రావాలి. టోపీని అంచు పట్టుకుని తీయడం, పెట్టడం మంచిది. సినిమాల్లో నడినెత్తి పట్టి ఎత్తే నటులను అనుకరిస్తే కొన్నాళ్లకు అక్కడే చీలిక వస్తుంది. బల్ల మీద పెట్టేటప్పుడు బోర్లించకుండా వెల్లకిలా పెడితే అంచు వంగదు. మంచం మీద టోపీ పెట్టడం అశుభమని అమెరికా పశ్చిమ ప్రాంతంలో గట్టి నమ్మకం. సెప్టెంబర్ మొదటి సోమవారం వచ్చే లేబర్ డే నుంచి వేసవి ఆరంభం దాకా ఫెల్ట్ టోపీ, మిగతా కాలం గడ్డి టోపీ ధరించడం అక్కడి ఆనవాయితీ. జాతీయ గీతం వేళ పురుషులు టోపీని కుడిచేత్తో తీసి ఎడమ భుజం దగ్గర, అరచేయి గుండె మీద ఉండేలా పట్టుకోవాలని అమెరికా పతాక నియమావళి చెబుతోంది.

టెక్సస్‌లో అతిథికి టోపీ బహూకరించడం పెద్ద గౌరవం. 1963 నవంబర్ 22 ఉదయం ఫోర్ట్ వర్త్‌లో అధ్యక్షుడు జాన్ ఎఫ్. కెన్నడీకి అలాంటి టోపీ ఇచ్చారు. టోపీలంటే పెద్దగా ఇష్టపడని ఆయన దాన్ని తలపై పెట్టుకోలేదు. సోమవారం వైట్‌హౌస్‌లో పెట్టుకుంటానని నవ్వుతూ చెప్పారు. ఆ మధ్యాహ్నమే డాలస్‌లో హత్యకు గురయ్యారు.

ఉపఖండంలో ఫెల్ట్ టోపీ

హిమాలయ పాదాల వద్ద ఉన్న తరాయి ప్రాంతం పేరు ఒక ఫెల్ట్ టోపీకి స్థిరపడింది. ఎండ తీవ్రతను తట్టుకునేందుకు రెండు ఫెల్ట్ పొరలను ఒకదానిలో ఒకటి అమర్చిన టోపీ అది. గూర్ఖా సైనికులు ఓ పక్కకు వాల్చి ధరించే టోపీ ఈ వంశానిదే. భగత్‌సింగ్ పేరు వినగానే గుర్తుకొచ్చే ఛాయాచిత్రంలో ఆయన తలపై ఉన్నదీ ఫెల్ట్ టోపీయే. 1929 ఏప్రిల్ 8న కేంద్ర శాసనసభలో బాంబు విసిరిన ఘటనకు కొద్ది రోజుల ముందు ఢిల్లీలోని ఒక స్టూడియోలో ఆ చిత్రం తీయించుకున్నారు. తెలుగు ప్రేక్షకులకు కౌబాయ్ టోపీని దగ్గర చేసింది కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో కృష్ణ నటించిన ‘మోసగాళ్లకు మోసగాడు’ (1971). తర్వాత చిరంజీవి ‘కొదమసింహం’ (1990), మహేష్‌బాబు ‘టక్కరి దొంగ’ (2002) అదే బాటలో వచ్చాయి.

అమెరికా నుంచి బంధువులు తెచ్చిచ్చినదైనా, తాతగారి పెట్టెలో దొరికినదైనా ఫెల్ట్ టోపీకి ఇక్కడి వాతావరణంలో మూడు శత్రువులు. మొదటిది తలకు రాసుకునే నూనె. అది పట్టీని దాటి ఫెల్ట్‌లోకి ఇంకితే పూర్తిగా వదలదు. రెండోది వానాకాలపు బూజు. మూడోది ఉన్ని దుస్తులను తినే చిమ్మట పురుగు. వెంట్రుకల్లోని కెరాటిన్ దాని పిల్లపురుగులకు ఆహారం. పురుగు పట్టిన టోపీని గాలి చొరని సంచిలో మూసి, బాగా చల్లగా ఉండే డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచి, సంచి విప్పకుండానే గది వేడికి రానివ్వాలి. నాఫ్తలిన్ ఉండలు వాడితే ఫెల్ట్‌కు తగలకుండా విడిగా పొట్లం కట్టాలి. తడిసిన టోపీని ఎండలో గానీ, హెయిర్ డ్రయ్యర్ ముందు గానీ పెట్టకూడదు. పట్టీని బయటికి మడిచి, దాని మీదే టోపీని నిలబెట్టి, నీడలో గాలికి ఆరనివ్వాలి. తోలు లోపలి వరకు ఆరడానికి ఒక రోజు దాటవచ్చు. ఆ తర్వాతే పెట్టెలో పెట్టాలి.